సర్వే నంబర్ లేని నీటిదారి: విజయనగరం జిల్లాలో ఒక లేఅవుట్ సమీక్ష

పల్లెల్లో వేసే లేఅవుట్లను పరిశీలించి సాంకేతిక నివేదిక రాయడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. వాటిలో చాలావరకు ఏడాది తిరిగేసరికి మర్చిపోతాను. ఇది మాత్రం నేను సైటు చూసే పద్ధతినే మార్చింది, అందుకే రాసి పెడుతున్నాను. ఊరి పేరు, సర్వే నంబర్లు, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు కూడా కొద్దిగా మార్చాను, లెక్క చెడకుండా.

నేపథ్యం

విజయనగరం జిల్లాలో హైవేకి కాస్త లోపలగా ఉన్న ఊరు. పడమర చిన్న కొండ, కొండ కింద గరువు (మెట్ట భూమి), గరువు కింద పల్లం, పల్లం చివర చెరువు, చెరువు కింద ఆయకట్టు. గరువు మీద జీడితోటలు, అక్కడక్కడా సరుగుడు. పల్లంలో వరి. ఉత్తరాంధ్రలో ఈ వరుసలోనే ఏర్పడ్డ ఊళ్లు లెక్కలేనన్ని ఉంటాయి. చెరువు 7 హెక్టార్లు, దాని కింద 60 ఎకరాలు. కాలువ నీరు రాని ఊరు కాబట్టి ఉభాలు (వరి నాట్లు) పడాలంటే ఆ చెరువు నిండాల్సిందే.

భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల గరువు భూముల ధర ఏటేటా పెరుగుతూ వచ్చింది. జీడితోట మీద వచ్చే ఆదాయంతో పోలిస్తే సెంట్ల లెక్కన అమ్ముకోవడమే మేలని రైతులు అనుకున్నారు. అందులో తప్పేమీ లేదు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, విశాఖలో అద్దె ఇళ్లు, అన్నీ ఆ భూమి మీదే ఆధారపడ్డాయి.

పక్క మండలానికి చెందిన ఒక డెవలపర్ నాలుగు సర్వే నంబర్లలో 11 ఎకరాల 80 సెంట్లు కొని, 2022 మార్చిలో లేఅవుట్‌కి దరఖాస్తు పెట్టారు. మూడు నంబర్లు గరువు. నాలుగోది 2 ఎకరాల 60 సెంట్ల పల్లం. మొత్తం జిరాయితీ, అంటే ప్రైవేటు పట్టా భూమి. ప్లానులో 148 ప్లాట్లు, 40 అడుగుల రోడ్లు, నిబంధన ప్రకారం వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలం కొండ వైపు ఒక ముక్కోణపు మూలలో. పల్లాన్ని నాలుగడుగుల ఎత్తున గ్రావెల్‌తో నింపి మిగతా భూమికి సమం చేస్తామని రాశారు.

నేను చేసిన తప్పు

కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (భూమి మీద లావాదేవీల ధ్రువపత్రం), అడంగల్, 1బీ (రెవెన్యూ రికార్డులు), 2006 చట్టం కింద వ్యవసాయ భూమి మార్పిడికి కట్టిన ఫీజు రసీదు, పంచాయతీ సర్టిఫికెట్, అన్నీ జతచేశారు. ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల హద్దులు కొలిచి గీసిన పటం) స్కెచ్‌లో ఎక్కడా గెడ్డ పోరంబోకు (వాగుకి చెందిన ప్రభుత్వ భూమి) లేదు. చెరువు గర్భం హద్దు సైటుకి 150 మీటర్ల దూరంలో ఉంది. 10 హెక్టార్ల లోపు చెరువుకి 9 మీటర్లు, అంతకు మించితే 30 మీటర్లు వదలాలని 2017 బిల్డింగ్ రూల్స్ చెబుతాయి. 150 మీటర్లంటే ఆ నిబంధన ఈ సైటుకి వర్తించదు.

మార్చి చివర్లో మధ్యాహ్నం పూట సైటుకి వెళ్లాను. కోత అయిపోయిన మడులు పగుళ్లిచ్చి ఉన్నాయి. గరువు మీద జీడిచెట్లు కొన్ని అప్పటికే కొట్టేశారు. నాలుగు మూలలూ తిరిగి, అప్రోచ్ రోడ్డు కొలిచి, ఫొటోలు తీసుకుని, తనిఖీ నోట్‌లో "సైటు లోపల నీటి వనరులు, కాలువలు లేవు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ వాక్యం రికార్డు ప్రకారం నిజమే. కానీ నేను చూసింది నీరు లేని నెలలో, డెవలపర్ మనిషి చూపించిన దారిలో, లేఅవుట్ హద్దు లోపల మాత్రమే. చెరువు దాకా 150 మీటర్లు నడిచి ఉంటే మిగతా కథ వేరేలా జరిగేది. ఎండగా ఉందని, ఆ రోజు ఇంకో రెండు సైట్లు ఉన్నాయని నడవలేదు. ఈ మధ్యలో ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన వచ్చింది. ఆఫీసుల్లో ఫైళ్లు, మనుషులు అటూ ఇటూ మారడంతో ఈ ఫైలు రెండు నెలలు కదల్లేదు. ఆ ఆలస్యమే లేకపోతే జూన్ కల్లా టీఎల్‌పీ, అంటే తాత్కాలిక లేఅవుట్ ఆమోదం, ఇచ్చేసి ఉండేవాళ్లం.

అర్జీ

జూన్ రెండో వారంలో ఆయకట్టు రైతులు 14 మంది వేలిముద్రలు, సంతకాలతో అర్జీ పెట్టారు. ఒకే పేజీ. "మా చెరువులోకి నీరు దిగే పల్లం కప్పేస్తే చెరువు నిండదు. వాన ఎక్కువైతే ఆ నీరు మా వీధిలోకి వస్తుంది." ఇంతే రాశారు. ఎవరినీ తిట్టలేదు, లేఅవుట్ ఆపమని కూడా అడగలేదు.

అర్జీలు మాకు చాలా వస్తాయి. కొన్నిటి వెనుక పాత గొడవలు ఉంటాయి, కొన్నిటి వెనుక వాటా దక్కని కోపం ఉంటుంది. దీన్ని పక్కన పెట్టలేకపోవడానికి కారణం, అర్జీలో రెండు వ్యతిరేక ప్రమాదాలు ఒకేసారి ఉన్నాయి: నీరు రాకపోవడం, నీరు మీద పడటం. ఊరికే అడ్డుకోవాలనుకున్నవాళ్లు ఒకటే రాస్తారు. ఈ రెండూ కలిపి రాయాలంటే నీటి నడక తెలిసినవాళ్లయి ఉండాలి అనిపించింది.

ముందు ప్రయత్నాలు, అవి ఎందుకు పని చేయలేదు

మొదట చేసింది ఆఫీసు పద్ధతిలో చేసేదే. సంబంధిత రెండు శాఖలకి రాసి, ఫలానా సర్వే నంబర్లలో వాగు గానీ కాలువ గానీ ఉందా అని అడిగాను. మూడు వారాలకి జవాబు వచ్చింది: రికార్డుల ప్రకారం లేదు. జవాబులో తప్పు లేదు, నా ప్రశ్నలోనే ఉంది. ఈ ప్రాంతం చాలావరకు జమీందారీ కింద ఉండి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రైత్వారీలోకి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి, వచ్చింది. కొండ నుంచి దిగే నీరు ఈ పల్లంలో ఒక కాలువగా పారదు. ఒక మడి నిండి, గట్టు మీద వదిలిన సందులోంచి కింది మడిలోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి దిగుతుంది. మడికీ మడికీ మధ్య పారే నీటికి ఎవరూ విడిగా సర్వే నంబర్ ఇవ్వలేదు. నీరు పారేదీ, వరి పండేదీ ఒకే నేల మీద కాబట్టి అది పట్టాలో జిరాయితీ పల్లంగానే నమోదైంది. కాబట్టి "ఈ నంబర్‌లో వాగుందా" అని వందసార్లు అడిగినా లేదనే వస్తుంది. "ఈ చెరువులోకి నీరు ఎక్కడి నుంచి వస్తుంది" అని అడిగి ఉండాల్సింది.

రెండోది, డెవలపర్‌కి షార్ట్‌ఫాల్ లెటర్ పంపాను. పల్లంలోంచి వచ్చే వాన నీటికి తగిన ఏర్పాటు చూపించమన్నాను. పది రోజుల్లో సవరించిన డ్రాయింగ్ వచ్చింది: రోడ్డు కింద రెండు 900 మిల్లీమీటర్ల సిమెంటు పైపులు. లెటర్‌కి జవాబు వచ్చినట్టే కదా అని ఫైలు ముందుకి పంపమని పైనుంచి ఒత్తిడి. "తగిన" అన్న మాటకి నేనే కొలత ఇవ్వలేదు. కొలత లేని షరతుకి ఏ జవాబైనా సరిపోతుంది.

మూడోది, జులైలో పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాను. అది పూర్తిగా చెడింది. అప్పుడే తెలిసింది, 40 ప్లాట్లకి పైగా అప్పటికే బయానా తీసుకున్నారని. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకం కాదు, ప్రకటన కూడా చేయకూడదు. ఆ విషయం వేరుగా నోటీసు రాశాను. కానీ ఆ గదిలో బయానా ఇచ్చినవాళ్లలో సగం మంది ఆ ఊరివాళ్లూ, వాళ్ల చుట్టాలూ. ఒకతని కొడుకు ఆర్మీలో ఉన్నాడు, మూడేళ్లు దాచిన డబ్బు పెట్టాడు. అర్జీ పెట్టిన రైతు తమ్ముడే ఇంకో ప్లాటు కొన్నాడు. నేను "లేఅవుట్ మీద మీ అభ్యంతరాలు చెప్పండి" అని మొదలుపెట్టాను. ఆ మాటతోనే గది రెండుగా చీలిపోయింది. కావాలా వద్దా అన్న వాదన తప్ప నీరు ఎటు వెళ్తుందన్న మాట రెండు గంటల్లో ఒక్కసారి కూడా రాలేదు. ఎవరో ఒకరు లేచి వెళ్లిపోతే మిగతావాళ్లూ వెళ్లారు.

తిరస్కరించవచ్చా?

ఆ రాత్రి నాకున్న దారులు రాసుకున్నాను. సులువైనది తిరస్కరించడం. కానీ ఏ నిబంధన కింద? చెరువుకి దూరం సరిపోయింది, రికార్డులో వాగు లేదు, రోడ్డు వెడల్పు ఉంది. కారణం బలంగా లేని తిరస్కరణ అప్పీలులో నిలవదు.

ఇంకోటి కూడా ఆలోచించాను. ఇక్కడ అనుమతి రాకపోతే డెవలపర్ భూమిని వెనక్కి ఇచ్చేయరు. అనుమతి లేకుండానే రాళ్లు పాతి, సెంట్ల లెక్కన రిజిస్ట్రేషన్లు చేయించేస్తారు. తర్వాత ఎప్పుడో క్రమబద్ధీకరణ వస్తుంది. 2020లో అనధికార లేఅవుట్ల కోసం అలాంటి రూల్స్ వచ్చాయి కూడా. అప్పుడు ఆ పల్లంలో ఒక్క పైపు కూడా ఉండదు. అయితే ఈ వాదన ప్రమాదకరమైనదని నాకు తెలుసు. "మనం ఇవ్వకపోతే ఎలాగూ కట్టేస్తారు" అనుకుంటూ పోతే ఏ లేఅవుట్‌కైనా అనుమతి ఇవ్వొచ్చు. అందుకని నాకు నేనే ఒక గీత గీసుకున్నాను: 2021లో గులాబ్ తుపానుకి వచ్చినంత నీరు మళ్లీ వస్తే అది సైటులోంచి చెరువులోకి, ఎవరి ఇంట్లోకీ పోకుండా దిగాలి. అది కుదిరే డిజైన్ ఉంటే అనుమతి. కుదరకపోతే నిలిచినా నిలవకపోయినా తిరస్కరణే రాస్తాను.

చట్టంలో నాకు దొరికిన ఆసరా ఒకటుంది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం, సెక్షన్ 7. పై భూమిలో పడిన నీరు సహజంగా పక్కనున్న దిగువ భూమిలోకి పారనివ్వడం పై భూమి యజమాని హక్కు అని అందులో ఉదాహరణగా స్పష్టంగా ఉంది. అది నిర్దిష్టమైన కాలువలో పారకపోయినా సరే. మన పల్లానికి సరిగ్గా సరిపోయే మాట అది. ఎఫ్ఎంబీలో గీత లేకపోయినా హక్కు ఉంటుంది. పల్లాన్ని నాలుగడుగులు ఎత్తు చేస్తే పైనున్న జీడితోటల రైతుల నీరు వెనక్కి నిలబడుతుంది. ఆ మాట నివేదికలో రాస్తే మా లీగల్ సెల్ కాదనలేదు.

పని చేసింది

ఆగస్టులో రెండు రోజులు వాన పడ్డాక, మూడో రోజు ఉదయం వెళ్లాను. ఈసారి లేఅవుట్ గేటు దగ్గర కాదు, చెరువు మదుం (తూము) దగ్గర మొదలుపెట్టాను. వచ్చినవాళ్లు: సర్పంచ్ గారు, డెవలపర్ ఇంజనీరు, విలేజ్ సర్వేయర్, నలుగురు రైతులు, చాలా ఏళ్లుగా మదుం తీసి నీరు వదిలే ఒక పెద్దాయన. బయానా ఇచ్చినవాళ్లలో ఇద్దరిని కూడా రమ్మన్నాను. అర్జీ ఊసు ఎత్తలేదు. "ఈ నీరు ఎటు నుంచి వస్తుందో చూపించండి, దాని వెంట పైకి నడుద్దాం" అన్నాను.

పెద్దాయన ముందు నడిచారు. నీరు ఎక్కడ దిగుతోందో అక్కడ ఆయన కర్ర పెడితే, మేము సున్నం చల్లుకుంటూ వెళ్లాం. చెరువు నుంచి పైకి వెళ్తూ వెళ్తూ సున్నపు గీత సరిగ్గా లేఅవుట్ నాలుగో సర్వే నంబర్ మధ్యలోకి వెళ్లింది. ఇంజనీరు తన ప్లాను తీసి, "సార్, రికార్డులో ఇక్కడ ఏమీ లేదు కదా" అన్నాడు. నిజంగానే అడిగాడు, తగువుకి కాదు.

పెద్దాయన నవ్వలేదు, కోప్పడలేదు. "కాయితంలో నేదంటే నీరాగిపోద్దేటి బాబూ? కొండ మీద పడ్డ సినుకు ఇటే దిగాల. మా తాతల కాడ్నించీ ఇటే దిగతంది" అన్నారు.

పల్లంలో పాత మోటారు షెడ్డు ఒకటుంది. దాని గోడ మీద రెండున్నర అడుగుల ఎత్తులో బురద చార. 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ మర్నాడు ఇక్కడ నిలిచిన నీటి గుర్తు అది. మార్చిలో నేను ఆ షెడ్డు పక్కనుంచే నడిచాను. చార కనిపించలేదు, ఎందుకంటే దాని కోసం చూడలేదు. ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) పెట్టి ఆ చార ఎత్తుని రెండు వైపులా నేల మీదికి తెస్తే, నీరు పారిన వెడల్పు ఒకచోట 22 మీటర్లు, ఇంకోచోట 24 వచ్చింది.

ఆ రోజు నాకు ఇంకోటి కూడా తెలిసింది, దాన్ని అర్జీలో ఎవరూ రాయలేదు. సర్పంచ్ గారు ప్లాను చూస్తూ, "సార్, ఈ గోర్జి వెంటే మా గేదెలు చెరువుకి వెళ్తాయి. ఇక్కడ కాంపౌండ్ గోడ గీశారు. మరి అవి ఎటు వెళ్లాలి?" అన్నారు. గోర్జి అంటే పశువులు నడిచే సన్నటి దారి. అంతవరకు మీటింగుల్లో ఆవిడ భర్తే మాట్లాడేవారు, ఆవిడ వెనక కూర్చునేవారు. పొలం గట్టు మీద మాత్రం ఆవిడకి తెలిసినంత ఆయనకి తెలియదు.

ఆఫీసుకి వచ్చాక లెక్క వేశాను. కొండ నుంచి ఈ పల్లానికి నీరిచ్చే విస్తీర్ణం టోపోషీట్ మీద కొలిస్తే దగ్గర దగ్గర 120 హెక్టార్లు. చిన్న పరివాహకానికి వాడే మామూలు సూత్రం తెలిసిందే: ప్రవాహ గుణకం (పడిన వానలో పారే వంతు), గంటకి పడే వాన మిల్లీమీటర్లలో, హెక్టార్లు, మూడూ గుణించి 360తో భాగిస్తే సెకనుకి ఘనపు మీటర్లు వస్తాయి. గుణకం 0.4, గంటకి 60 మిల్లీమీటర్లు తీసుకుంటే 8 వచ్చింది. డెవలపర్ చూపించిన రెండు పైపులూ పూర్తిగా నిండి పారినా మోసేది రెండు. అవి కూడా చెత్త అడ్డం పడకుండా శుభ్రంగా ఉంటేనే.

ఈ సూత్రం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గుణకం 0.3 అనుకుంటే ఆరు, 0.5 అనుకుంటే పది. మోటారు షెడ్డు మీద చార లేకపోతే ఎదుటివాళ్లు నా గుణకం మీదే వాదన పెట్టుకునేవాళ్లు. లెక్కా, చారా ఒకదానికొకటి దగ్గరగా రావడం వల్ల ఆ వాదన రాలేదు.

కొత్త ప్లాను

తర్వాతి మెట్టు మీద ఎక్కువ ఆలోచించాను, ఎందుకంటే మా అధికారానికి హద్దు ఉంది. 10 మీటర్ల లోపు వెడల్పున్న కాలువకి నిబంధన అడిగేది రెండు వైపులా రెండేసి మీటర్లే. ఎనిమిది మీటర్ల కాలువ తవ్వమంటే దాని పక్కన రెండు రెండు, మొత్తం 12. నాకు కావాల్సింది 24. మిగిలిన 12 మీటర్లు ఏ రూలు చూపించి అడగాలి?

అడగక్కర్లేదని తర్వాత తట్టింది. 10 శాతం ఖాళీ స్థలం, అంటే ఎకరం 18 సెంట్లు, ఎలాగూ ఇవ్వాలి. అది ఎక్కడ ఉండాలో సూచించే వీలు మాకు ఉంది. నీటి వనరు పక్కన వదిలే బఫర్‌ని ఖాళీ స్థలంలో లెక్కించవచ్చని రూల్స్‌లోనే ఉంది. కొండ పక్కన ఎవరికీ ఉపయోగపడని ముక్కోణం బదులు, ఆ స్థలాన్ని పల్లంలోకి తెచ్చాం. సైటులో నీటిదారి పొడవు 190 మీటర్లు. మధ్యలో 8 మీటర్లు కాలువ గర్భం, దాన్ని ఖాళీ స్థలంలో కలపలేదు. రెండు వైపులా ఎనిమిదేసి మీటర్ల గడ్డి నేల, అది సుమారు 75 సెంట్లు. మిగతా 43 సెంట్లు గరువు మీద, ఊరి బడి వైపు, ఒకే చదరంగా పార్కు. మొత్తం 10 శాతాన్నీ నీటిదారి పక్కనే పెట్టేద్దామని డెవలపర్ అడిగారు. ఒప్పుకోలేదు. ఏడాదిలో రెండు నెలలు తడిగా ఉండే సన్నటి పట్టీలో పిల్లలు క్రికెట్ ఆడలేరు. గోర్జికి అయిదు మీటర్లు విడిగా ఉంచాం.

డెవలపర్‌తో కూర్చున్నప్పుడు చట్టం తక్కువ మాట్లాడాను, గ్రావెల్ ఎక్కువ మాట్లాడాను. నీటిదారి పట్టీని నింపకుండా వదిలితే సుమారు 5,500 ఘనపు మీటర్ల గ్రావెల్ మిగులుతుంది. ప్లాట్లు 148 నుంచి 136కి తగ్గుతాయి. రెండు వెంట్ల (నీరు పారే కంతల) బాక్స్ కల్వర్టు ఖర్చు కొత్తగా వస్తుంది. పట్టీ వెంబడి ఉన్న ప్లాట్లు పార్కు ఫేసింగ్ అవుతాయి. ఇవన్నీ ఒక కాగితం మీద ఎదురెదురుగా రాసి ఇచ్చాను. ఆయన రెండు రోజులు టైం తీసుకుని, కల్వర్టు వెంట్లు ఒకటి తగ్గించమని అడిగి, కాదంటే ఒప్పుకున్నారు. లాభం పోయిందని ఆయన ఇప్పటికీ అంటారు, కొంత పోయిన మాట వాస్తవమే.

అనుమతి షరతుల్లో రెండు విషయాల మీద పట్టుబట్టాను. మొదటిది పని వరుస: ముందు కాలువ, కల్వర్టు, ఆ తర్వాతే రోడ్డు ఫిల్లింగ్. మామూలుగా ముందు గ్రావెల్ తోలేసి, కల్వర్టు సంగతి చివర్లో చూస్తారు; ఈలోగా ఒక వానాకాలం వచ్చేస్తుంది. రెండోది తనఖా. పనులు పూర్తయ్యేవరకు కొన్ని ప్లాట్లు తనఖా పెట్టించుకుంటాం కదా. అవి ఏవన్నది సాధారణంగా డెవలపరే ఎంచుకుంటారు, ఎక్కడో అమ్ముడుపోని మూల ప్లాట్లు ఇస్తారు. ఈసారి నీటిదారి పక్కనున్న పార్కు ఫేసింగ్ ప్లాట్లనే తీసుకున్నాం. అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేవి అవే కాబట్టి కల్వర్టు పని ఒక్క నెల కూడా ఆగలేదు. కాలువ గర్భం, పట్టీ, గోర్జి, రోడ్లు పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ అయ్యాయి. కాలువ అడుగు ఎత్తు ఎంత ఉండాలో రెండు చోట్ల రాయి పాతి గుర్తు పెట్టించాం, రేపు ఎవరైనా పూడ్చినా ఎంత పూడిందో చూపించడానికి.

తర్వాత

2024 సెప్టెంబర్ 1న వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మూడు రోజుల పాటు వాన ఆగలేదు. రెండో రోజు పంచాయతీ కార్యదర్శి వీడియో పంపారు. కాలువలో రెండడుగుల పైన నీరు, కల్వర్టు రెండు వెంట్లలోంచీ పారుతూ. పట్టీ తడిసింది, ప్లాట్లలోకి రాలేదు. ఆ ఏడు చెరువు నిండింది. ఒక్క వాన చూసి డిజైన్ సరైనదని నేను అనను. గులాబ్ అంతటిది ఇంకా రాలేదు.

సరిగా జరగనివి కూడా ఉన్నాయి. తగ్గిన 12 ప్లాట్లలో 9కి అప్పటికే బయానా ఉంది. ఏడుగురికి వేరే ప్లాట్లు దొరికాయి. ఇద్దరికి డబ్బు వెనక్కి రావడానికి ఏడాదికి పైగా పట్టింది, ఆర్మీలో ఉన్న అబ్బాయి కుటుంబం అందులో ఒకటి. వాళ్ల తప్పు ఏమీ లేదు. మార్చిలోనే నేను చెరువు దాకా నడిచి ఉంటే ఆ బయానాల్లో సగం జరిగేవి కావు. ఆ ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఆ అబ్బాయి తల్లి టీ ఇచ్చి, "అయిందేదో అయిపోయింది బాబూ" అన్నారు.

ఇప్పుడు ఏ లేఅవుట్‌కి వెళ్లినా మూడు పనులు చేస్తున్నాను. దరఖాస్తు ఎండాకాలంలో వస్తే తొలకరి పడ్డాక రెండో తనిఖీ పెడతాను, ఫైలు ఆలస్యమవుతుందన్నా సరే. హద్దు లోపల కాకుండా కింద ఉన్న చెరువు దగ్గర నడక మొదలుపెడతాను. శాఖలకి రాసే ఉత్తరంలో సర్వే నంబర్ ముందు రాయను, చెరువు పేరు రాసి దాని నీరు ఎటు నుంచి వస్తుందని అడుగుతాను. రీసర్వేలో డ్రోన్లతో తీసిన కొత్త పటాల్లో ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, హద్దులు ఇంతకుముందుకన్నా కచ్చితంగా ఉన్నాయి. కానీ వాటిలో కూడా మడి నుంచి మడికి దిగే నీటికి గీత లేదు. అందుకే ఎంత మంచి పటం వచ్చినా నడక మానలేదు.

పోయిన ఆగస్టులో ఇంకో పని మీద ఆ ఊరు వెళ్తే సర్పంచ్ గారు కనిపించారు. లేఅవుట్‌లో 30కి పైగా ఇళ్లు లేచాయి. నన్ను కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. వాన లేదు, కానీ కాలువలో సన్నగా నీరు పారుతోంది, సబ్బు నురగతో. ఇళ్లలో స్నానాల నీరు, అంట్లు తోమిన నీరు రోడ్డు పక్క డ్రైన్లలోంచి కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి. గేదెలు ఆ వైపు నీళ్లు తాగడం మానేశాయని చెప్పారు. నా నివేదికలో వాన నీటికి 11 షరతులు ఉన్నాయి, వాడుక నీటికి ఒక్కటీ లేదు. ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత ఉంటేనే ప్లాను పాస్ చేయాలని పంచాయతీలో తీర్మానం పెడతామని ఆవిడ అంటున్నారు. ఇప్పటికే కట్టేసిన 30 ఇళ్ల సంగతి ఏం చేయాలని అడిగారు. నీటిదారి చివర, చెరువులో కలిసే ముందు, చిన్న గుంట తవ్వి రెల్లు లాంటివి పెంచితే నీరు కొంత తేరుకోవచ్చని చెప్పాను. దాని కొలతలు వేయడానికి వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను, ఈసారి ఇళ్లలో వాడే నీటి లెక్క చేతిలో పెట్టుకుని.